గుమ్మంలో కెమెరా

మొదటి రోజే ఆమె ఆయన ముక్కు మీద కొట్టింది. కావాలని కాదు. కొలిచే టేపు చేతిలోంచి జారి, సర్రున వెనక్కి చుట్టుకుంటూ, దారికడ్డంగా ఉన్న ఆ ముక్కుకి ఒక్కటిచ్చుకుని మరీ వెళ్ళింది.

"కళ్ళు కనపడటం లేదా?" అన్నాడాయన ముక్కు పట్టుకుని.

"కనపడుతున్నాయి సార్. మీ ముక్కే ఫోకస్‌లో లేదు."

యూనిట్ మొత్తం ఊపిరి బిగబట్టింది. ముప్పై అయిదేళ్ళకే పెద్ద పేరు తెచ్చుకున్న కెమెరామన్ ఆయన. ఆమె చూస్తే నిన్నగాక మొన్న పనిలో చేరిన పిల్ల. ఆయన ఒక్క క్షణం కళ్ళెర్రజేసి, ఆపుకోలేక నవ్వేశాడు. "ఈ టేపమ్మని మన దగ్గరే ఉంచండి" అన్నాడు. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది.

నటులు కదిలినప్పుడల్లా కెమెరా నుంచి వాళ్ళ కంటి దాకా ఎన్ని అడుగులో కొలిచి, దాని ప్రకారం లెన్సు తిప్పుతూ బొమ్మ మసకబారకుండా చూడటం ఆమె పని. వాళ్ళ నాన్నది కళ్ళజోళ్ళ కొట్టు. మసక అంటే ఆ ఇంట్లో ఎవరికీ పడదు.

ఆయన పద్ధతే వేరు. కిటికీలోంచి వచ్చే వెలుగు చాలంటాడు. లైట్లు పెడితే గది అబద్ధమాడుతుందంటాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, కెమెరాని గదిలోకి తీసుకెళ్ళడు. గుమ్మంలోనే నిలబెడతాడు. ఏడ్చే మనిషి మొహం మీదికి వెళ్ళడం మర్యాద కాదట. ఆయన సినిమాల్లో వెతికినా ఒక్క క్లోజప్ దొరకదు. పత్రికలవాళ్ళు దాన్ని గొప్ప శైలి అని రాశారు. ఆమె మాత్రం చాటుగా 'గుమ్మంగారు' అని పేరు పెట్టింది.

"ఒక్కసారి లోపలికెళ్దాం సార్. కాళ్ళు కడుక్కునే వెళ్దాంలెండి."

"దూరం నుంచి చూస్తేనే మనిషి మొత్తం కనపడతాడు టేపమ్మా."

"దగ్గరికెళ్తే?"

"ఎప్పుడూ వెళ్ళలేదు. తెలీదు."

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన ముంచుకొచ్చింది. ఇద్దరూ కెమెరా పట్టుకుని ఓ రేకుల చూరు కిందికి పరిగెత్తారు. ఆయన కోటు విప్పాడు. ఆమె సిగ్గుపడబోయింది. ఆయన దాన్ని శ్రద్ధగా కెమెరాకి కప్పాడు.

"నేనూ తడుస్తున్నాను సార్."

"నువ్వు ఆరతావు. లెన్సు పాడవుతుంది."

అని, ఆమెనే చూస్తూ ఆగిపోయాడు. "కదలకు. అలాగే ఉండు."

ఆమె కదలకుండా నిలబడింది.

"వాన ఊరికే కనపడదు. దానికి వెనకనుంచి వెలుగుండాలి. నీ వెనక ఎండొస్తోంది చూడు, ఒక్కో చినుకూ తెలుస్తోంది."

ఇంకేదో చెబుతాడని ఆమె ఎదురుచూసింది. వాన వెలిసింది గానీ ఆయన నోట్లోంచి మరో మాట రాలేదు.

"అతనికి దూరపు చూపా, దగ్గర చూపా?" అని అడిగాడు నాన్న, ఆ సాయంత్రం కొట్లో అద్దాలు తుడుస్తూ.

"దూరం బాగానే ఆనుతుంది నాన్నా. దగ్గరే తంటా."

"చూపుకయితే అద్దాలివ్వగలను. నోరు పెగలకపోతే మన కొట్లో మందు లేదు తల్లీ." తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. "మన కొట్టుకొచ్చే ఆ కంటి డాక్టరు నిన్ను రెండుసార్లు చూశాడు, మూడోసారి నిన్నిమ్మని నన్ను అడిగేశాడు. ఎన్నాళ్ళని నీళ్ళు నమలను? ఈ సినిమా అయిపోగానే వచ్చే ఆదివారానికి జవాబిస్తానన్నాను. ఈలోపు మీ కెమెరా ఆయన ఒక్క మాటంటే నేనే ఎదురెళ్ళి ఇంటికి పిలుచుకొస్తాను. ఒక్క మాట."

సినిమా చివరికొచ్చింది. ఎడిటింగ్ రూములో ఎడిటరమ్మ ఆమెని కేకేసింది. యాభై దాటిన మనిషి, ఎవరి గుట్టయినా ఇట్టే పట్టేస్తుంది.

"ఏమే పిల్లా, డిస్కు నిండిపోయింది. ఈ పాత లెన్సు టెస్టులు తీసెయ్యనా? ఎవరైనా ఒకసారి చూసి పారేస్తారు. మీ సారు దాచుకున్నాడు."

ప్రతి సినిమాకీ ముందు అద్దెకొచ్చిన లెన్సుల్ని ఎవరో ఒకరి మొహం మీద పరీక్షిస్తారు. ఆయనెప్పుడూ "నువ్వు నిలబడు, ఫోకస్ నేను చూసుకుంటా" అనేవాడు. అందరూ చేసేదేగా అనుకుంది ఆమె.

తెర మీద ఆమె మొహం. ఒక్కో సినిమాకీ ఒకటి. తెర నిండా కళ్ళు, చెంప మీద కిటికీ వెలుగు, ఆవలింత ఆపుకుంటున్న పెదవులు. గుమ్మం దాటని మనిషి ఒక్క జానెడు దూరంలోకి వచ్చి తీశాడు. ఎక్కడా వెంట్రుకవాసి మసక లేదు.

"లెన్సు పరీక్షకి పది సెకన్లు చాలు. ఇవి ఒక్కొక్కటీ ఆరేసి నిమిషాలు" అంది ఎడిటరమ్మ.

ఆమెకి ఆనందం, కోపం ఒకేసారి కలిగాయి. ఇంత చూసిన మనిషి ఒక్క మాట అనడేం?

ఆ రోజే షూటింగ్ దగ్గర, భోజనాల వేళ, ఆయన ఖాళీ గదిని కెమెరాలోంచి చూసుకుంటున్నాడు.

"పాత టెస్టులు చూశాను సార్."

ఆయన కన్ను తీయలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "లెన్సులు పరీక్షించాలిగా."

"అవెప్పుడో పాసయ్యాయి. నా సంగతి చెప్పండి. ఆదివారం మా ఇంట్లో వేరే సంబంధానికి జవాబు చెప్పాలి. నాకు మీరంటే ఇష్టం. మీకేదైనా చెప్పాలనుంటే కెమెరాలోంచి కన్ను తీసి చెప్పండి."

ఆయన తలెత్తాడు. రెండు కళ్ళతో ఆమెని చూశాడు.

"రేపు. రేపు తప్పకుండా చెప్తాను."

ఆ సాయంత్రం ఆమె కాలు నేల మీద నిలవలేదు. నాన్న కొట్టు తొందరగా కట్టేసి, మంచి చొక్కా ఇస్త్రీకిచ్చాడు.

మర్నాడు ఆఖరి సీను. హీరోయిన్ కిటికీ పక్కన కూర్చుని, వెళ్ళిపోతున్న బస్సు చప్పుడు వినాలి. అంతా సిద్ధమయ్యాక ఆయన గుమ్మంలోంచి కెమెరా ఎత్తుకుని గదిలోకి నడిచాడు. డైరెక్టర్ నోరు తెరిచి చూస్తుండిపోయాడు. ఆయన తిన్నగా వెళ్ళి హీరోయిన్ మొహం ముందు ఆగాడు.

"ఎంత?"

ఆమె టేపు లాగింది. "రెండడుగుల ఒక అంగుళం సార్."

అంత దగ్గర్లో కనురెప్ప ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు. ఆమె ఊపిరి కూడా పీల్చకుండా లెన్సు తిప్పింది. హీరోయిన్ కంట్లో నీరు నిండి, నిలిచి, జారింది. కట్ అనగానే యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది.

ఆయన ఆమె వైపు తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "అర్థమైందా?" అన్నాడు మెల్లగా.

"ఏంటి సార్?"

"గుమ్మం దాటాను. నీ కోసమే."

ఆమె నిలబడింది. ఇప్పుడైనా ఆ ఒక్క మాట వస్తుందని నిలబడింది.

"ఆ చెంప మీద వెలుగు చూశావా? అచ్చం నీ టెస్టులో లాగే..."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. "చాలా బాగా చెప్పారు సార్. కాకపోతే ఆ అమ్మాయికి చెప్పారు."

ఆయన మొహం పాలిపోయింది. "నాకింతకన్నా రాదు టేపమ్మా."

"నాకది సరిపోదు సార్."

"సార్, ఎండ పోతోంది! ఇంకో షాట్ ఉంది!" అని డైరెక్టర్ అరిచాడు. ఆయన ఆమె వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. తర్వాత తల వంచి, కెమెరాకి కన్ను ఆనించాడు.

ఆమె దూరం కొలిచింది, లెన్సు తిప్పింది, ఆ షాట్ కూడా పూర్తి చేసింది. తర్వాత టేపు చుట్టి ఆయన పెట్టె మీద పెట్టి బయటికొచ్చింది. వీధిలో నిలబడి ఇంటికి ఫోన్ చేస్తే ఒక్క రింగుకే నాన్న ఎత్తాడు.

"ఆదివారం డాక్టర్ వాళ్ళని రమ్మను నాన్నా."

అవతల నాన్న కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"ఇంతకీ అతనేమన్నాడు తల్లీ?"

"ఏమీ అనలేదు నాన్నా. చాలా బాగా తీశాడు."