జగ్గయ్యపేటలో సముద్రం

సముద్రానికి తొంభై మైళ్ళ దూరంలో, జగ్గయ్యపేటలో, సముద్రపు నీళ్ళలో మునిగి చచ్చిపోయాడు ఇశ్రాయేలు.

పాత జిన్నింగ్ మిల్లు. సిమెంటు తొట్టి. నడుములోతు ఉప్పునీళ్ళు. బందరు తీరాన వలలు లాగి పెరిగినవాడు అందులో బోర్లా తేలాడు. మెడ మీద అయిదు వేళ్ళ గుర్తులున్నాయి. కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. అలా రాసుకోమన్నది చీఫే.

మూడోనాటి మధ్యాహ్నం ఏజెంట్ ఖాదర్ వలి నందిగామ ట్రావెలర్స్ బంగళాలో ఆ చీఫ్ ఎదుట నిలబడ్డాడు. చీఫ్ పేరు వీరరాఘవయ్య. చూడ్డానికి రిటైరైన లెక్కల మాస్టారిలా ఉంటాడు. ఆయన సర్వీసు రూల్సులో జాలి అనే పేజీ లేదు.

"మిల్లులో ఏముందో తెలుసా?"

"పత్తి కాదని తెలుసు సార్."

"సైంటిస్టు జగన్నాథరావు గారి యంత్రం. ఉప్పునీళ్ళని తొమ్మిది ఇత్తడి గదుల్లో ఆవిరిచేసి మంచినీళ్ళుగా దించుతుంది. ఒక గది వేడినే ఇంకో గదికి వాడుకుంటుంది. బొగ్గు పదోవంతు చాలు. బందరు తీరంలో ప్లాంటు కట్టాలని ప్లాను. అక్కడ బావి తవ్వినా ఉప్పే, చెరువు తవ్వినా ఉప్పే. పోయిన ఎండాకాలం ఒక్క పల్లెపాలెంలోనే పదకొండుమంది పిల్లలు గుంటనీళ్ళు తాగి పోయారు."

"మరి యంత్రం ఇక్కడెందుకు పెట్టారు సార్?"

"సముద్రం లేని ఊళ్ళో సముద్రపు యంత్రం ఉంటుందని ఎవడనుకుంటాడు? డ్రమ్ముల్లో నీళ్ళు లారీ మీద తెప్పిస్తున్నాం. ఆ తెలివి నాదే." చీఫ్ మొహం చిట్లించాడు. "అయినా పెలికాన్ ముఠాకి తెలిసిపోయింది."

పెలికాన్ పేరు వలికి కొత్త కాదు. విదేశీ ముఠా. దాహం వేసిన దేశాలకు ఓడల్లో నీళ్ళు అమ్ముతుంది. దాహం తీర్చే యంత్రం ఎక్కడ పుట్టినా, దాన్ని పుట్టించినవాడు ఎక్కువ రోజులు బతకడు.

"శనివారం పదకొండింటికి ఢిల్లీ కమిటీ వస్తోంది. యంత్రంలోంచి దిగిన మొదటి గ్లాసు జగన్నాథరావు గారు తాగుతారు. తాగి పడిపోయారనుకో?"

"నీళ్ళే చంపాయంటారు. ప్లాంటు ఖతం."

"అంతే. చేసినవాణ్ణి రెడ్‌హాండెడ్‌గా పట్టు. అప్పటిదాకా కళ్ళముందు ఏం జరిగినా కదలకు."

"కాపాడాల్సింది మనిషినా సార్, ప్లాంటునా?"

"ప్లాంటుని. మనిషి మిగిలితే సంతోషం."

ఆ సాయంత్రమే ఖాదర్ వలి లారీ డ్రైవరయ్యాడు. ఖాకీ చొక్కా, మెడలో ఆకుపచ్చ రుమాలు, చెవిమీద బీడీ. జేబులోని బీడీకట్టలో ఒకటి మాత్రం బీడీ కాదు. చుట్ట చుట్టిన కాగితం అది, పెలికాన్ వాళ్ళ విషం తగిలితే నల్లబడుతుంది.

మిల్లులో అతనికి మొదట ఎదురైంది దేవమణి, ఇశ్రాయేలు భార్య. మొగుడి పని ఆమెకిచ్చారు. మొగుడు పోయిన తొట్టినే రోజూ కడుగుతోంది.

"అన్నా, కాస్త గంజి తాగి దించు డ్రమ్ములు," అందామె.

"ఊరికి పోవాలనిపించడం లేదామ్మా?"

"పోయి ఏం తాగను? గుంటనీళ్ళు తాగి పోయిన పదకొండుమంది పిల్లల్లో మావాడూ ఉన్నాడు. ఈ నీళ్ళు మా పాలెంలో పడేదాకా నేను కదల్ను."

వలి గంజి తాగి డ్రమ్ములు దించాడు.

శుక్రవారం పరిటాల దగ్గర లారీ ఆపి టీ తాగుతుంటే పక్కన కారు ఆగింది. నల్లకళ్ళద్దాలు, లేతనీలం షిఫాన్ చీర. టీకొట్టు యావత్తూ గ్లాసులు దించి చూసింది. భారతీదేవి, యంత్రం దగ్గర కెమిస్టు. జీతం ప్రభుత్వానిది, బోనసు పెలికాన్‌ది. ఆ బోనసు సంగతి చీఫ్‌కి నెలనెలా చెప్పి ఇంకో బోనసు పుచ్చుకుంటుంది.

"ఏం లోడు డ్రైవరూ?"

"కన్నీళ్ళండి."

"అవీ ఉప్పేగా." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "పెలికాన్ మనిషి డ్రెక్స్‌లర్. విదేశీ సలహాదారునని చెప్పుకుని మిల్లులో తిరుగుతున్నాడే, అతనే. నీళ్ళలో కలిపితే కమిటీ డాక్టరు ముందే పట్టేస్తాడు. అందుకని జగన్నాథరావు గారి వెండిగ్లాసు అంచుకి పూస్తున్నాడు. మైనంలాంటి విషం. నీళ్ళకి కరగదు, పెదవి వేడికి కరుగుతుంది."

వలి టీగ్లాసు బల్లమీద పెట్టి లారీ వైపు తిరిగాడు.

"కంగారుపడకండి. ఆ సలహా ఇచ్చింది నేనే. రావుగారు పుట్టి బుద్ధెరిగాక గ్లాసు ఎంగిలి చేసింది లేదు. ఎత్తి పోసుకుంటారు. ఆ సంగతి దొరకేం తెలుసు?"

ఆ తెలివికి వలి లోపల్లోపల సలాం చేశాడు. తర్వాత అడిగాడు. "ఇశ్రాయేలుని ఎవరు చంపారు?"

"డ్రెక్స్‌లర్. భోజనాలవేళ యంత్రం గదిలో డ్రాయింగులు ఫొటో తీస్తుంటే చూశాడు పాపం." ఆమె అద్దాలు సవరించుకుంది. "ఆ గది తలుపు తీసింది మాత్రం నేనే. తియ్యకపోతే నన్ను నమ్మేవాడు కాదు."

శనివారం, పదకొండు.

కమిటీ కుర్చీల్లో కూర్చుంది. చీఫ్ వెనకవరసలో గుమస్తాలా నిలబడ్డాడు, వలి డ్రమ్ముల పక్కన. డాక్టరు నీళ్ళు పరీక్షించి తలూపాడు. జగన్నాథరావు వెండిగ్లాసు నింపి, తల వెనక్కి వాల్చి, జానెడెత్తునుంచి ధార కట్టి సగం తాగాడు. గ్లాసు అంచు ఆయన దరిదాపుల్లోకి కూడా రాలేదు. తువ్వాలుతో మూతి తుడుచుకుని నవ్వాడు.

డ్రెక్స్‌లర్ మొహంలో నెత్తురు లేదు.

అంతా అయిపోయిందని వలి ఊపిరి వదిలాడు. అప్పుడే జగన్నాథరావు ఎవరూ అనుకోని పని చేశాడు.

"దేవమణీ, ఇలా రామ్మా. ఈ మంచినీళ్ళు మొదట తాగాల్సింది నీ మొగుడు. ఇన్నాళ్ళూ మీకు దోసిట్లో పోశాం, తప్పు మాది. ఇవాళ నా గ్లాసుతోనే తాగు. నోరుపెట్టి తాగు తల్లీ."

గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

వలి చీఫ్ వైపు చూశాడు. వద్దని చీఫ్ తల అడ్డంగా ఊగింది. ఇప్పుడు అరిస్తే డ్రెక్స్‌లర్ తప్పించుకుంటాడు. కమిటీ బెదిరి రైలెక్కేస్తుంది. దేవమణి గ్లాసు పైకెత్తింది. ఒక సెకను. రెండు సెకన్లు. ఆర్డరు ఆర్డరే. వలి కదల్లేదు.

అంచు పెదవికి అంగుళం దూరంలో ఆగింది.

"నావల్ల కాదు బాబుగారూ," అంది దేవమణి, సిగ్గుతో చచ్చిపోతూ. "అలవాటు లేదు. దోసిట్లోనే పొయ్యండి."

ఆమె వంగి దోసిలి పట్టింది. జగన్నాథరావు కళ్ళనీళ్ళతో గ్లాసు వంచాడు. ఆమె గుక్కగుక్కకూ కళ్ళు మూసుకుని తాగింది. "తియ్యగున్నాయండీ. మా వాడికి ఒక్క గుక్క దొరికుంటే..." అంది. కమిటీ ఛైర్మన్ మొహం తిప్పుకున్నాడు.

వలికి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ కోపం ఎక్కడో ఒకచోట దించాలి. ఒక్క అంగలో ముందుకొచ్చి గ్లాసు అందుకుని మళ్ళీ నింపాడు.

"దొరగారూ, మీరు కూడా పుచ్చుకోవాలండి. సలహా ఇచ్చినవారు."

"నో, థాంక్యూ."

"అదేంటండీ? సలహాదారే తాగకపోతే కమిటీ వారేమనుకుంటారు?"

ఛైర్మన్ కళ్ళజోడు పైకి జరిపాడు. అందరి కళ్ళూ డ్రెక్స్‌లర్ మీదే. గ్లాసు అందిస్తూ వలి అతని చెవిలో ఇంగ్లీషులో అన్నాడు. "అందరికీ నిజం చెప్పు. లేదా తాగు. ఇశ్రాయేలుకి ఈపాటి ఛాయిస్ కూడా ఇవ్వలేదు నువ్వు."

డ్రెక్స్‌లర్ మూడోదారి వెతుక్కున్నాడు. ఇందాక చూశాడుగా. తల వెనక్కి వాల్చాడు, గ్లాసు ఎత్తాడు, వంచాడు. అదేమైనా ఒక్కపూటలో వచ్చే విద్యా? ధార ముక్కులోకి పోయింది. పొలమారింది. దగ్గు తెరకు చెయ్యి అదిరి వెండి అంచు పళ్ళకు కొట్టుకుంది, పెదవుల మీద వాలింది. పట్టుకోగలిగినంత దగ్గర్లోనే ఉన్నాడు వలి. చేతులు కట్టుకున్నాడు.

నిమిషం పట్టింది. వలి బీడీకట్టలోంచి ఆ కాగితం తీసి గ్లాసు అంచుకి రుద్దాడు. బొగ్గులా నల్లబడింది. గ్లాసులో మిగిలిన నీళ్ళలో ఇంకో కొస ముంచాడు. తెల్లగానే ఉంది. చచ్చినవాడి కోటులోంచి యంత్రం ఫొటోలు బయటపడ్డాయి. ఛైర్మన్ అక్కడికక్కడే సంతకం చేశాడు. మొదటి ప్లాంటు పల్లెపాలెంలో.

భారతీదేవికి చీఫ్ బొంబాయి టిక్కెట్టిచ్చాడు, కొత్త మిషన్.

"ఆ తలుపు సంగతేంటి సార్?" అన్నాడు వలి.

"ఏ తలుపు? ఫైల్లో లేదే."

లారీ ఎక్కబోతుంటే దేవమణి ఎదురొచ్చింది. "అన్నా, గ్లాసు నా చేతికిచ్చినప్పుడు నీకు తెలుసా?"

"లేదమ్మా," అన్నాడు ఖాదర్ వలి.

ఆమె నమ్మింది. నమ్మి, దారిలో తాగమని చెంబెడు నీళ్ళిచ్చింది.

చీఫ్ మాత్రం నందిగామ బంగళాలో కూర్చుని డ్రెక్స్‌లర్ ఫైలు ముగించాడు. మరణకారణం అన్న గడిలో నీటుగా రాశాడు: మంచినీళ్ళు తాగడం రాకపోవుట.