ఊడిన తాడు

గుణ శవాన్ని రిజర్వాయర్ నుంచి బయటికి తీసేసరికి అతని నడుముకు సగం తాడే ఉంది.

మర్నాడు పొద్దున తిరువళ్ళూరు లాడ్జి గదిలో చీఫ్ సుందరరాజ్ బ్రీఫింగ్ ఇచ్చాడు. విదేశీ ముఠా తూము లోపల టైమ్ బాంబు పెట్టింది. దాన్ని తీయడానికి దిగిన గుణ, తాడు తెగి, చీకట్లో దారి దొరక్క చనిపోయాడు. ముఠా కోడ్ మెసేజ్ ప్రకారం మధ్యాహ్నం పేలుడు. కట్ట తెగితే కింద ఊళ్ళు మిగలవు.

"మిగిలిన డైవర్ నువ్వే, శోభనా. పోయినోడు నీ తమ్ముడు. వద్దంటే చెప్పు."

"తాడు చూపించండి సార్."

తాడు తెగలేదు, ఊడింది. కొసన మిగిలిన మడతలు చూస్తే, లావు తాడుకు సన్న నైలాన్ తాడును మామూలు ముడితో కలిపారు. తడిసి, బరువు పడగానే అది జారిపోతుంది. సరైన ముడి కావాలంటే లావు తాడును మడిచి, సన్నదాన్ని దాని చుట్టూ రెండుసార్లు తిప్పి, కొసను ఆ చుట్ల కిందికే దూర్చాలి. తిరుత్తణిలో మగ్గం మీద తెగిన పోగులు అతుకుతూ పెరిగినవాడు గుణ. ఇలాంటి ముడి వేయడు.

"పైన తాడు పట్టుకున్నది ఎవరు?"

"సత్యప్రియ."

ముఠా నుంచి మనవైపు వచ్చిన డబుల్ ఏజెంట్. గుణ పెళ్ళాడాలనుకున్న అందగత్తె.

కట్ట మీద శోభనను చూసి సత్యప్రియ నల్ల కళ్ళద్దాలు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"వాడు వేసిన ముడి విప్పి నువ్వు మళ్ళీ వేసినావు కదా?"

"బాంబు తీయనీయొద్దని ముఠావాళ్ళు చెప్పినారు. తాడు ఊడితే దాని దాకా పోకుండా తిరిగొస్తాడనుకొన్నా అక్కా. సచ్చిపోతాడనుకోలే."

"బాంబు యాడుంది?"

"ఎడమ గోడకు. పైన స్విచ్ ముట్టొద్దు. కింద పిన్ను లాగు."

నమ్మాలా? వేరే దారి లేదు. శోభన తాళ్ళను తానే ముడివేసి, గట్టిగా గుంజి చూసి, కొస చీఫ్ చేతికిచ్చి దిగింది.

తూములో బురద నీళ్ళు. ఎడమ గోడకు చిన్న ఎర్ర అంకెలు తరిగిపోతున్నాయి. కింద పిన్ను లాగింది. ఆఖరి అంకె దగ్గర వెలుగు ఆరిపోయింది.

తాడు పట్టుకుని వెనక్కి వస్తుంటే ముడి చేతికి తగిలింది. తమ్ముడు ఇక్కడే ఉత్త నీళ్ళను తడిమి ఉంటాడు. మాస్క్ లోపల ఆమె కళ్ళు నీళ్ళతో మసకబారాయి.

పైన సత్యప్రియ చేతులకు బేడీలు పడ్డాయి. చీఫ్ శోభనకు తువ్వాలు అందించాడు.

"ఇంట్లో ఏమని చెప్తావు?"

"తెలీదు సార్. వాడు కంప్యూటర్ ఆఫీసులో ఉన్నాడనుకొంటా ఉంది మా అమ్మ. అపాయం లేని పని అని వీధంతా చెప్పుకొంటుంది."