పాముల గద్ద ఎడమ రెక్క

మదనపల్లె టమోటా మార్కెట్లో వేలం జోరుగా నడుస్తోంది. ఆ అరుపుల్లో పక్కవాడి మాట పక్కవాడికే వినపడదు. గూఢచారి విభాగం చీఫ్ శాంతకుమారి బ్రీఫింగులు అందుకే అక్కడ పెడుతుంది.

"కాయ పండిందా?"

"ఇంకా దోరగానే ఉండాది," అన్నాడు తలపాగా చుట్టిన వ్యాపారి. వాడే ఏజెంట్ భానుప్రకాశ్.

కోడ్ కుదిరింది. ఆమె వాడి చెవి దగ్గరికి వంగింది. "కుప్పం కొండ వెనక షెడ్డులోంచి రేపు పొద్దున కొత్త రాకెట్ బయటికి తీస్తారు. దాన్ని ఫోటో తీసేదానికి విదేశీ ముఠా డ్రోన్ పంపిస్తాండాది. రెక్కలాడించే డ్రోన్. ఆ కొండమీద ఉండే పాముల గద్దకు అచ్చు నకలు. పుంగనూరులో మన ఏజెంట్ జాహ్నవి మనకు ద్రోహం చేసి వాళ్లతో కలిసిపోయింది."

భానుప్రకాశ్ తల వంచుకుని టమోటాలు ఏరసాగాడు.

"ఎవడో బుద్ధిలేనోడు ఆ గద్ద ఫోటోలు అన్ని వైపులవీ ఇచ్చినాడు. దొరికితే వాడి ఉద్యోగం ఊడినట్టే."

ఆ బుద్ధిలేనోడు ఆమె ఎదురుగానే టమోటాలు ఏరుతున్నాడు. పోయినేడు పక్షుల ఫోటోగ్రాఫర్ వేషంలో కుప్పం డ్యూటీ చేస్తూ గద్దను తీసి, మురిసిపోయి జాహ్నవికి పంపాడు. ఆ నల్లకళ్లద్దాల సుందరి నవ్వి, "ఇది తేనె గద్ద భానూ. పాముల గద్ద కాదు," అంది. పక్షుల ఫోటోలు తీసేవాణ్ని ఏమన్నా అను, పేరు తప్పు చెప్పాడని మాత్రం అనకు! రోషం పొడుచుకొచ్చి, గద్ద తిరిగిన ప్రతి తిప్పూ, పైనుంచీ కిందనుంచీ, ఫైళ్లన్నీ పంపేశాడు. వాదం గెలిచాననుకున్నాడు, పాపం.

మరునాడు కుప్పం కొండ. పక్కన రైఫిల్ పట్టుకుని విభాగం షూటర్ మునికుమార్. ఆకాశంలో రెండు గద్దలు, రెండూ ఒకేలా గాల్లో నిలబడి రెక్కలాడిస్తున్నాయి. కింద షెడ్డు తలుపులు కదిలాయి.

"ఏది దొంగదన్నా?" అన్నాడు మునికుమార్.

ఇయర్‌ఫోన్లో చీఫ్ గొంతు. "అనుమానాలొద్దు. రెండూ కొట్టేయండి."

భానుప్రకాశ్ లెన్స్ తిప్పాడు. ఒక గద్ద ఎడమ రెక్కలో ఒక ఈక లేదు. పోయినేడు వాడు ఫోటో తీసిన రోజు ఆ గద్ద ఈక రాల్చుకుని ఉంది. నిజం గద్దకు ఈపాటికి కొత్తది మొలిచింది. ముఠావాళ్లు పాపం ఆ సందు కూడా వదలకుండా అచ్చు దించారు.

నోరు మూసుకుంటే రెండూ రాలతాయి, గుట్టు దక్కుతుంది. చెట్టుమీద గూట్లో ఒంటి పిల్ల తల్లి కోసం నోరు తెరుచుకుని ఉంది. వాడు మైకు బటన్ నొక్కాడు.

"మేడం, ఎడమ రెక్కలో సందుండేది ఒకటే దొంగది."

"నీకెట్ల తెలుసు?"

"ఆ ఫోటోలు తీసింది నేనే. ఇచ్చిందీ నేనే."

తలుపులు సగం తెరుచుకున్నాయి. రాకెట్ ముక్కు కనబడుతోంది.

"...ఆ ఒకటే కొట్టండి," అంది చీఫ్.

తుపాకి పేలింది. డ్రోన్ ముక్కలై బండలమీద పడింది. నిజం గద్ద ఉలిక్కిపడి కొండ దాటిపోయింది. అది తిరిగొచ్చి గూట్లో వాలేదాకా భానుప్రకాశ్ కెమెరా ముట్టలేదు.

సాయంత్రం ఆఫీసులో ఐడీ కార్డు బల్లమీద పెట్టాడు. శాంతకుమారి దాన్ని సొరుగులో వేసి తాళం వేసింది.

"జాహ్నవి దొరికింది. ముఠా సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. నీకు మాత్రం ఒక మాట చెప్పమనింది."

"ఏమని మేడం?"

"అది పాముల గద్దేనని ఆమెకు మొదట్నుంచీ తెలుసంట."