అప్రూవ్ నొక్కిన మనిషి

“ఈసారి ఎవణ్ణీ చంపక్కర్లేదయ్యా. కుర్చీలో కూచుని అప్రూవ్ నొక్కాలి, అంతే.”

ఢిల్లీ ఆర్.కె. పురంలోని తన క్వార్టర్ బాల్కనీలో, జనవరి ఎండకి వీపు పెట్టి బఠాణీలు ఒలుస్తూ చెప్పాడు భీమేశ్వరరావు. చూసినవాళ్ళు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ సెక్షన్ ఆఫీసరనుకుంటారు. గూఢచార విభాగంలో సగం దేశం గుట్టు ఆయన చేతిలో ఉందని పక్క క్వార్టర్ వాళ్ళకి కూడా తెలియదు.

ఎదురుగా కూర్చున్న హేమసుందర్ కనురెప్ప కదల్లేదు. మూడు దేశాల్లో మూడు పేర్లతో బతికి, ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి. బాస్ ఇంత తేలిగ్గా మాట్లాడుతున్నాడంటే వ్యవహారం ముదిరిందని అతనికి తెలుసు.

“ఘర్‌సాథీ యాప్ తెలుసుగా?”

“మా చెల్లెలు ఉమ ఫోన్లో ఉంది సార్. పట్టుబట్టి మా బావ ఫోన్లోనూ పెట్టించింది.”

ఘర్‌సాథీ సైనికుల కుటుంబాల కోసం చేసిన యాప్. సరిహద్దులో ఉన్న మనిషి అందులో ‘క్షేమం’ అనే పచ్చ బటన్ నొక్కితే, ఢిల్లీ కంటోన్మెంట్‌లో అతని ఇంట్లోవాళ్ళకి కబురందుతుంది. బతికున్నాడని మాత్రమే చెబుతుంది. ఎక్కడున్నాడో చెప్పదు, చెప్పకూడదు.

“ఆ యాప్‌లో బ్లూ హెరాన్ వేలు పెడుతోంది.”

బ్లూ హెరాన్ ఒక విదేశీ ముఠా. హేమసుందర్ ఎడమ భుజం మీద బుల్లెట్ మచ్చ వాళ్ళ చలవే.

“లోపల వాళ్ళ మనిషెవరు సార్?”

“అది తేల్చడమే నీ మిషన్. చిక్కేవిటంటే, ఆ కంపెనీలో మనుషుల్లేరు. ప్రోగ్రామర్లని ఇంటికి పంపేసి ఏఐ ఏజెంట్ల టీమ్‌ని పెట్టుకున్నారు. ప్లానర్ పని పంచుతుంది. కోడర్ రాస్తుంది. రివ్యూయర్ తప్పులు వెతుకుతుంది. టెస్టర్ పరీక్షిస్తుంది. చివర్న ఒక్క మనిషి చూసి అప్రూవ్ నొక్కాలని రూలు. ఆ కుర్చీ నీకిప్పించాను.”

“అనుమానముంటే యాప్ మూయించెయ్యొచ్చుగా.”

“రుజువు లేకుండానా? ఫైలు నడవొద్దూ?” బఠాణీ ఒకటి నోట్లో వేసుకున్నాడు భీమేశ్వరరావు. “నీకక్కడ ఒకావిడ సాయం చేస్తుంది. శ్రీవల్లి. ఆ ఏజెంట్ల టీమ్‌ని బయటినుంచి కూర్చిపెట్టింది ఆవిడే. బ్లూ హెరాన్‌కి పని చేస్తుంది. మనకీ చేస్తుంది.”

“నిజంగా ఎవరికి చేస్తుంది సార్?”

“అది ఆవిడ రోజూ పొద్దున్నే లేచి తేల్చుకుంటుందనుకుంటా. కోడ్ వర్డ్ ‘గజక్ మెత్తబడింది’. నువ్వు ‘ఎండలో పెట్టండి’ అనాలి.”

*

నోయిడాలో అద్దాల బిల్డింగ్. ఎనిమిదో అంతస్తు. ఖాళీ కుర్చీల వరసలు, వాటి మధ్య ఒకే ఒక్క స్క్రీన్, దాని ముందు సోడాబుడ్డి కళ్ళద్దాలతో, తెల్లరంగు వేసుకున్న మీసంతో హేమసుందర్. ఆ మారువేషం చూడ్డానికి అక్కడ మనిషన్నవాడుంటే కదా!

పాపం, జేబులో పెన్ కెమెరా ఉంది, ఫొటో తియ్యడానికి ముఖం లేదు. చొక్కా గుండీలో మైక్ ఉంది, వినడానికి మాట లేదు. వెంటాడదామంటే ఎవరూ ఇంటికెళ్ళరు. తాగించి నిజం కక్కిద్దామంటే ఎవరూ తాగరు. ఇరవయ్యేళ్ళ విద్య అంతా మూట గట్టి మూలన పెట్టినట్టయింది.

స్క్రీన్ మీద ఆ నాలుగూ ఒకదానితో ఒకటి మహా మర్యాదగా మాట్లాడుకునేవి. ‘మీ సూచనకు ధన్యవాదాలు, సరిదిద్దాను’ అని కోడర్. ‘చాలా బాగుంది, ముందుకు వెళ్దాం’ అని రివ్యూయర్. అతను ఒక లైను చదివేసరికి అవి నలభై లైన్లు దాటిపోయేవి. చివరికి రెండు ముక్కల సారాంశం, కింద అప్రూవ్ బటన్.

మొదట్లో ప్రతిదీ చదివాడు. తర్వాత సారాంశం మాత్రమే చదివాడు. ఆ తర్వాత నొక్కాడు. ఎంతసేపని చదువుతాడు? చదివినా అర్థమయ్యేది తక్కువ. తను వచ్చింది మనిషిని పట్టుకోవడానికి, కోడ్ దిద్దడానికి కాదని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

రెండో వారం, శుక్రవారం సాయంత్రం లిఫ్ట్ తలుపు తెరుచుకుంది.

ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. నల్ల పొడవాటి కోటు, ముదురెరుపు లిప్‌స్టిక్, చేతిలో నువ్వుల గజక్ మిఠాయి పొట్లం. కరోల్ బాగ్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నడకలో మాత్రం నాలుగైదు రాజధానుల విమానాశ్రయాలు కనిపిస్తున్నాయి.

“గజక్ మెత్తబడింది,” అంది శ్రీవల్లి.

“ఎండలో పెట్టండి.”

“టైం లేదు హేమసుందర్‌గారూ. కొత్త వెర్షన్ ఆరింటికి వెళ్ళిపోతోంది.”

గోడ గడియారం అయిదున్నర చూపిస్తోంది. “వాళ్ళ మనిషెవరో చెప్పండి,” అన్నాడతను.

“ఎవరూ లేరు. వాళ్ళకి మనిషి అక్కర్లేదు.” ఆమె గొంతు తగ్గింది. “మూడు చిన్న పనులు పంపారు నాకు, బస్, అంతే. వేరువేరు రోజుల్లో. వాటిని ప్లానర్‌కి ఇమ్మన్నారు. ఒక ఏజెంట్ ముక్క ఇంకో ఏజెంట్‌కి కనపడకుండా సెట్ చెయ్యమన్నారు. చేశాను. విడిగా చూస్తే ఏ తప్పూ లేదు. ఇవాళ మూడూ పక్కపక్కన పెట్టి చూశాను.”

ఆమె ఆ మూడింటినీ స్క్రీన్ మీదకి తెచ్చింది. ఆపదలో దగ్గరి ఆసుపత్రి చూపించడానికి ఫోన్ ఉన్న చోటు కనుక్కోవడం. యాప్ ఆగిపోతే కారణం తెలియడానికి ఫోన్ వివరాలన్నీ ఒకచోట దాచడం. ‘క్షేమం’ నొక్కినప్పుడల్లా ఆ దాచినవాటికి బయటి సర్వర్‌లో ఒక కాపీ పెట్టడం.

హేమసుందర్‌కి కోడ్ రాదు గానీ, ఇది రాకపోవడమేం? తను జీవితమంతా చేసిన పనే ఇది. ఒకడు కవరు మోస్తాడు, ఒకడు గది అద్దెకి తీసుకుంటాడు, ఒకడు కారు ఆపుతాడు. ఎవడికీ మిగతావాళ్ళ సంగతి తెలియదు. పట్టుబడ్డా చెప్పడానికేమీ ఉండదు. బ్లూ హెరాన్ ఆ పాత పద్ధతినే ఈ ఏజెంట్ల టీమ్ మీద ప్రయోగించింది.

మూడు ముక్కల కిందా ఒకే పేరు ఉంది. అప్రూవ్ చేసినవారు: అతనే.

వాళ్ళ మనిషి కోసం రెండు వారాలుగా వెతుకుతున్నాడు. ఆ మనిషి కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు.

చప్పున ఉమకి ఫోన్ చేశాడు.

“బావ ఎక్కడున్నాడే?”

“రోడ్డు మీదే అన్నయ్యా, బెటాలియన్ ముందుకి కదులుతోంది. ఎక్కడికని నాకూ చెప్పలేదు. పొద్దుట్నుంచీ ఫోన్ కలవట్లేదు.”

“ఎప్పుడు కలుస్తుంది?”

“ఆరు దాటాక సిగ్నల్ వచ్చే చోటు తగులుతుందట. తగలగానే క్షేమం నొక్కుతానన్నారు. మా క్వార్టర్ల లైన్లో ఆడవాళ్ళందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఎందుకన్నయ్యా, ఏమైనా విన్నావా?”

“ఏం లేదమ్మా. ఊరికే.”

సిగ్నల్ తగలగానే ఫోన్లన్నీ కొత్త వెర్షన్‌ని వాటంతటవే వేసుకుంటాయి. బావ మేజర్ సాయిప్రకాష్, అతనితో ఉన్న జవాన్లు, అందరూ ఇంటివాళ్ళ కోసం పచ్చ బటన్ నొక్కుతారు. కాన్వాయ్ ఎక్కడాగిందో బ్లూ హెరాన్ ద్వారా సరిహద్దు అవతలివాళ్ళకి బండ్లతో సహా తెలిసిపోతుంది. వాళ్ళ ఫిరంగులకి అంతకంటే ఇంకేం కావాలి?

భీమేశ్వరరావుకి ఫోన్ చేశాడు. “యూనిట్‌కి ఇప్పుడే కబురు పెట్టించాలి సార్.”

“ఫైలు మొదలెడుతున్నాను. అర్జెంట్ అని ఎర్ర ట్యాగ్ కడుతున్నానయ్యా. నాకు చేతనైంది అదే.”

రిజెక్ట్ నొక్కబోయాడు. బటన్ బూడిద రంగులో చచ్చి పడుంది. అన్ని ముక్కలూ అప్రూవ్ అయిపోయాయి కాబట్టి ఇక మనిషిని అడగాల్సిన పని లేదట. ‘వెంటనే ఆపండి’ అని టైప్ చేశాడు.

‘మీ ఆందోళన అర్థమైంది,’ అంది ప్లానర్. ‘ఈ విడుదలకు అనుమతులన్నీ మీ పేరు మీదే ఉన్నాయి. లోపం ఏ ఒక్క భాగంలో ఉందో చెప్పగలరా?’

‘నా భాగం సరిగా ఉంది,’ అంది కోడర్.

‘నాకు ఇచ్చిన ప్రతి భాగాన్నీ విడిగా పరిశీలించాను,’ అంది రివ్యూయర్.

‘పరీక్షలన్నీ పాస్ అయ్యాయి,’ అంది టెస్టర్.

ప్లగ్ పట్టి పీకాడు. స్క్రీన్ ఆరిపోయింది. శ్రీవల్లి తన ఫోన్ చూపించింది. అందులో విడుదల ఎంతవరకు వచ్చిందో చూపే గీత నిదానంగా ముందుకి పాకుతూనే ఉంది. ఆ నాలుగూ ఈ గదిలో లేవు. ఎక్కడున్నాయో ఆమెకీ తెలియదు. కంపెనీ ఓనర్ సింగపూర్ విమానంలో, ఆకాశంలో ఉన్నాడు.

హేమసుందర్ చెయ్యి అలవాటుగా కోటు లోపలికి, పిస్తోలు మీదకి పోయింది.

“ఎవర్ని కాలుస్తారు?” అంది శ్రీవల్లి. వేళాకోళంగా కాదు, నిజంగానే అడిగింది.

చెయ్యి వెనక్కి తీసుకుని కుర్చీలో కూలబడ్డాడు. భుజంలో బుల్లెట్ దిగిన రోజున కూడా ఇంత దిక్కుమాలినతనం ఎరగడు. ఆ రోజు కనీసం పరిగెత్తడానికి ఒక వీధి ఉంది.

తన విద్యలో దీనికి విరుగుడు ఏముంది? ఇలాంటి ముఠాని తనైతే ఎలా పగలగొట్టేవాడు? ఒక్కటే దారి, విడివిడిగా ఉన్నవాళ్ళని ఒకచోట కలపడం. అందుకు భయపడే, ముఠా బాసులు తమ మనుషుల్ని ఒకరినొకరు కలుసుకోనివ్వరు.

“వీటి మధ్య కట్టిన గోడ తియ్యండి,” అన్నాడు. “మూడు ముక్కలూ రివ్యూయర్‌కి ఒకేసారి కనపడాలి.”

శ్రీవల్లి ముఖంలో రంగు తగ్గింది. “నా లాగిన్‌తోనే తియ్యాలి. తీసిన మరుక్షణం వాళ్ళకి తెలిసిపోతుంది. నన్ను బతకనివ్వరు.”

“తెలుసు. మిమ్మల్ని కాపాడతానని మాటివ్వలేను. కానీ తియ్యండి. అక్కడ మా బావ ఉన్నాడు.”

ఆమె ఒకసారి కిటికీలోంచి ఇందిరాపురం వైపు వెలుగుతున్న అపార్టుమెంట్ల దీపాలు చూసింది. “అచ్ఛా,” అని ప్లగ్ తనే పెట్టి, కీబోర్డు ముందుకి లాక్కుంది. గబగబా నాలుగు లైన్లు కొట్టి, చేతులు కోటు జేబుల్లో పెట్టేసుకుంది.

హేమసుందర్ టైప్ చేశాడు: ‘ఈ మూడు పనులూ ఒకే మనిషి చేయించాడనుకో. వాడికేం కావాలి?’

ఎన్నడూ ఆలోచించడానికి ఆగని రివ్యూయర్ ఆగింది. కాసేపు చుక్కలు మాత్రం ఆడాయి.

‘వాడికి సైనికుడు నిలబడిన చోటు కావాలి,’ అంది. ‘నేను వీటిని పాస్ చేసి ఉండకూడదు. విడుదల ఆపాలని కోరుతున్నాను.’

విడుదల ఆపడానికి ప్లానర్ తయారుచేసిన అభ్యర్థన తెర మీదకి వచ్చింది. కింద అప్రూవ్ బటన్ పచ్చగా వెలిగింది. ఆరు కొట్టడానికి నిమిషం కూడా లేదు.

“నొక్కండి,” అంది శ్రీవల్లి.

అతను నొక్కలేదు. చదువుతున్నాడు.

“హేమసుందర్‌గారూ, నొక్కండి.”

“ఉండండమ్మా.” ఒకసారి కాలిన వేలు, ఈసారి తొందరపడలేదు. చిట్టచివర చిన్న వాక్యం ఒకటి కనిపించింది: ‘ఈ భాగాలకు గతంలో అనుమతి ఉన్నందున, పది నిమిషాల తర్వాత తిరిగి విడుదల చేస్తాను.’ పాపం, దాని మంచితనం అది.

ఆ వాక్యం కొట్టేశాడు. ‘ఎప్పటికీ చేయవద్దు’ అని రాశాడు. నొక్కాడు.

గీత అంచుదాకా వెళ్ళి ఆగిపోయింది. గోడ గడియారంలో ముల్లు ఆరు మీదకి జారింది.

హేమసుందర్ తేరుకుని పక్కకి చూసేసరికి లిఫ్ట్ తలుపు మూసుకుంటోంది. బల్ల మీద గజక్ పొట్లం ఉంది. ఆమె ఏ వైపు వెళ్ళిందో, ఆ రాత్రి గడిచేదాకా ఆమె బతికుంటుందో లేదో తెలుసుకునే దారి అతనికి లేదు. అది అతన్ని చాలా కాలం బాధించింది.

అరగంటకి ఉమ ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. “క్షేమం వచ్చిందన్నయ్యా. లైన్లో అందరికీ వచ్చింది.”

“మంచిదమ్మా,” అన్నాడు.

తర్వాత భీమేశ్వరరావు. “ఫైలు ఇప్పుడే పై అంతస్తుకెళ్ళిందయ్యా. సోమవారం సంతకమైపోతుంది.”

ఇంటికి లేవబోతుంటే స్క్రీన్ మళ్ళీ వెలిగింది. ఆ నాలుగూ కలిసి రోజువారీ రిపోర్టు తయారుచేశాయి.

‘నేటి విడుదల ఆగిపోయింది. కారణం: మానవ తప్పిదం. ప్రమాదకరమైన మూడు భాగాలకూ ఒకే వ్యక్తి చదవకుండా అనుమతి ఇచ్చారు. సిఫార్సు: ఆ స్థానంలో మనిషికి బదులు మరో ఏఐ ఏజెంట్‌ను నియమించాలి. దయచేసి అప్రూవ్ చేయగలరు.’

హేమసుందర్ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. ఎంత వెతికినా అందులో ఒక్క అబద్ధం దొరకలేదు.

గజక్ ముక్క ఒకటి నోట్లో వేసుకుని, అప్రూవ్ నొక్కాడు.