మూడో ఖడ్గమృగం

కర్ర్... కర్ర్... కర్ర్...

రంపం!

ఎండిపోయిన తోలు మీద రంపం.

ఇన్‌స్పెక్టర్ ఊపిరి బిగబట్టింది. గడ్డి కూరిన ఎలుగుబంటి వెనక మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఎలుగుబంటి పొట్ట దగ్గర కుట్టు విడిపోయింది. అందులోంచి గడ్డి రాలుతోంది. గడ్డిలోంచి పురుగులు.

ఒకటి ఆమె మెడ మీదికి పాకింది.

కదలడానికి లేదు!

బయట అప్పుడే చీకటి పడింది. గేటుకి తాళం వేశారు. లైట్లు తీసేశారు. అయినా వాడొచ్చాడు. వస్తాడని ఆమెకి తెలుసు.

ఊళ్లో ఇలాంటి జంతువుల మ్యూజియాలు మూడున్నాయని ఈ వారం దాకా ఆమెకి తెలీదు. ఊళ్లో ఎవరికీ తెలీదు. ఒకటి పశువుల ఆస్పత్రి మేడ మీద. ఇంకోటి మూతపడ్డ మందుల ఫ్యాక్టరీ వెనక. ఇది మూడోది... పాత కాలేజీ బిల్డింగ్ నేలమాళిగలో.

మూడింట్లోనూ ఒకటే కంపు. కలరా ఉండలు, ఎలుక పెంట, మురిగిపోయిన స్పిరిట్. సీసాల్లో రెండు తలల దూడలు. స్పిరిట్ సగం ఇగిరిపోయింది. మునిగిన సగం తెల్లగా పాలిపోయి... బయటపడ్డ సగం నల్లగా కుళ్లిపోయి...

ఛీ!

మొదటి రెండు చోట్లా గోడకి తగిలించిన ఖడ్గమృగం తలకి మొహం లేదు. కొమ్ముతో సహా, తోలుతో సహా, కళ్ల దాకా కోసుకుపోయారు. మొదటిది పోయి రెండు నెలలైందట. పోయిన సంగతి ఈ వారమే బయటపడింది.

చూసేవాడుంటే కదా!

మూడో ఖడ్గమృగం ఇక్కడుంది.

రంపం ఆగింది.

దభీ!

"బాబాయ్! లైట్!"

టార్చి వెలిగింది. పట్టుకున్నది హెడ్ కానిస్టేబుల్. రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు, స్టేషన్లో అందరికీ బాబాయే.

వెలుగులో నిచ్చెన. నిచ్చెన కింద ఒక బక్కపల్చటి మనిషి. చంటిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు ఖడ్గమృగం మొహాన్ని గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు.

బల్లి!

పోలీసులు పెట్టిన పేరది. గోడలెక్కడంలో వాడి తర్వాతే ఎవరైనా.

"కదిలితే కాల్చేస్తా!"

బల్లి కదిలాడు!

ఏనుగు అస్థిపంజరం పక్కటెముకల్లోంచి దూరాడు. అవతల తేలాడు. ఆమె వెనకే దూరింది. భుజం తగిలి ఎముకొకటి ఊడి పడింది. బల్లి అల్మారా పట్టుకుని కిటికీ వైపు ఎగబాకుతున్నాడు...

అల్మారా ఊగింది. ఒరిగింది.

కూలింది!

సీసాలు! ఒకటి కాదు, వరసలు వరసలు! గాజు పగిలి, పసుపుపచ్చటి నీళ్లు ఆమె మొహం మీదే చిమ్మాయి. కళ్లు మండాయి. కాలి కింద మెత్తగా ఏదో చిదికింది. జారింది. వెల్లకిలా పడింది.

ఛాతీ మీద ఒక పాము. ఎప్పుడో చచ్చింది. ఉడికించిన సేమ్యాలా తెల్లగా, జిగటగా...

ఆమె కేక పెట్టలేదు. నోరు తెరిస్తే ఆ నీళ్లు లోపలికి పోతాయి.

చెయ్యి చాచింది. దొరికింది... ఒక చీలమండ!

"మేడం! వదిలెయ్యండి మేడం!"

"దిగరా కిందికి!"

లాగింది. బల్లి జారిపడ్డాడు. పారిపోలేదు. తిరగబడలేదు. పొట్ట పట్టుకుని ముడుచుకుపోయి...

ఆమె బూట్ల మీదే భళ్లున కక్కుకున్నాడు.

"తాగొచ్చాడమ్మా వెధవ," అన్నాడు బాబాయ్.

"తాగలేదు సార్. ఒట్టు! నెల్నించీ ఇంతే. తిన్నదేదీ ఆగట్లేదు."

వాడి అరచేతుల మీద టార్చి పడింది. తోలు మొద్దుబారిపోయింది. మధ్యలో నల్లటి మచ్చలు, పగుళ్లు. పగుళ్లలోంచి చీము.

మెట్ల మీదినుంచి ఒక గొంతు.

"మేడం... వాడి చేతిలోది ముట్టుకోకండి. ముట్టుకుని ఉంటే వెంటనే చేతులు కడుక్కోండి."

మ్యూజియం క్యూరేటర్. ముక్కుకి రుమాలు కట్టుకుని పై మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఎందుకు?"

"పాత సరుకండి. పురుగు పట్టకుండా ఆ రోజుల్లో తోళ్లకి లోపలా బయటా... పాషాణం పూసేవాళ్లు."

"ఆర్సెనిక్?"

"అదేనండి. ఈ తలకాయలకి మరీ దట్టంగా పట్టించారు."

ఆమె లేచి నిలబడింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఈ సంగతి ఈ వారమంతా మీకు తెలుసు. మూడుసార్లొచ్చి అడిగాను. ఒక్క మాట చెప్పలేదు."

"చెప్తే మ్యూజియం మూసేస్తారు కదండీ."

"పిల్లలొస్తారు కదయ్యా ఇక్కడికి!"

"ఎవరూ రారండి!"

అదేదో శుభవార్త అయినట్టు చెప్పాడు. వాడి మొహాన ఉమ్మాలనిపించింది ఆమెకి. ఆపుకుంది. బల్లి వైపు తిరిగింది.

"మొదటి రెండూ ఏం చేశావ్?"

"పొడి కొట్టి ఇచ్చేశా మేడం."

"పొడా! ఎవరికి?"

"ఐసు ఫ్యాక్టరీ ఓనరు కొడుక్కి. వాళ్ల నాన్న మంచాన పడ్డాడట. పాలల్లో కలిపి పట్టిస్తే లేచి కూర్చుంటాడని ఎవరో చెప్పారట. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఒక చెంచా..."



తోలు. వెంట్రుకలు. పాషాణం. పాలల్లో!

"బాబాయ్, వీణ్ని హాస్పిటల్‌కి తీసుకెళ్లు. క్యూరేటర్ గారి కార్లో."

"నా కారా! మొన్ననే సీటు కవర్లు మార్పించానండి..."

"వెనక సీట్లో పడుకోబెట్టు బాబాయ్. కిటికీలు మూసెయ్."

* * *

జీపు ఐసు ఫ్యాక్టరీ ఓనరు ఇంటి వైపు దూసుకుపోతోంది.

ఒక చేత్తో స్టీరింగ్. ఇంకో చేత్తో ఫోన్. బల్లి ఫోన్లో దొరికిన నంబరు.

రింగ్... రింగ్...

"హలో?" మెత్తటి గొంతు.

"పోలీస్! మీ నాన్నగారికి కొమ్ము పొడి ఇస్తున్నారు కదా? ఆపండి! అది విషం! వింటున్నారా? ఇవాళ ఇవ్వకండి!"



ఏడుపు లేదు. అయ్యో అనలేదు.

"...అలాగేనండి. థ్యాంక్స్."

కట్.

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఒక ప్రాణం నిలిచింది. అంతే కదా?

ఫోన్ మోగింది. బాబాయ్.

"అమ్మా, వీడు ఇంకో మాట అంటున్నాడు. కొత్త కొమ్ములు దొరికే చోటు తెలుసని చెప్పాడట. ఆ కొడుకు వద్దన్నాడట. మ్యూజియాల్లోవే కావాలి, అదీ తోలుతో సహా పొడి కొట్టాలి అన్నాడట. ఏ మ్యూజియంలో ఏ గోడకి ఉన్నాయో వాడే చెప్పాడట!"

"ఏంటీ?"

"మందుకి తోలెందుకమ్మా?"

ఆమె కాలు బ్రేక్ మీద పడబోయింది.

తోలుకే కదా... పాషాణం!

మోసపోయిన కొడుకు కాదు. వాడికి తెలుసు! మొదట్నించీ తెలుసు!

తను ఫోన్ చేసి మరీ చెప్పింది. పోలీసులు వస్తున్నారని. ఇవాళ్టితో ముగించుకోమని!

"నా చేత్తో నేనే..."

యాక్సిలేటర్ అడుగంటా తొక్కింది.

* * *

గేటు తీసే ఉంది. తలుపూ తీసే ఉంది.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. పైన ఒకే గదిలో లైటు. తుపాకీ తీసి తలుపు తన్నింది.

మంచం. మంచం మీద పెద్దాయన. కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్కన కుర్చీలో కొడుకు. తువ్వాలుతో తండ్రి మూతి తుడుస్తున్నాడు. ఎంత ప్రేమగా తుడుస్తున్నాడో!

బల్ల మీద ఒక డబ్బా. ఒక కాఫీ ఫ్లాస్కు. ఒక గ్లాసు.

గ్లాసు ఖాళీ.

"పట్టించేశావా!"

"మీరు ఫోన్ చేసేసరికే తాగేశారండి." కొడుకు చేతులు జోడించాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. "నాకేం తెలుసు మేడం? నాన్న బతకాలని కనపడ్డవాళ్లందరి కాళ్లూ పట్టుకున్నాను. నేనూ మోసపోయాను..."

డబ్బా మూత తీసింది. అడుగు కనపడుతోంది. మిగిలినదంతా ఇవాళే కలిపేశాడు!

"తోలుతో సహా కావాలని అడిగింది నువ్వు కాదూ?"

"ఎవడన్నాడు? ఆ దొంగ వెధవా? వాడి మాట కోర్టులో నిలబడుతుందా మేడం?"

గొంతులో మెత్తదనం పోయింది. పెదవి మీద చిన్న నవ్వు.

రోత! ఇందాక మీద పడిన పాము నయం అనిపించింది. అది చచ్చి ఊరుకుంది.

"ఆదివారం ఆదివారం... తీసుకెళ్లేవాణ్ని."

మంచం మీదినుంచి మాట!

పెద్దాయన కళ్లు తెరిచాడు.

"మూడు మ్యూజియాలకీ చెయ్యి పట్టుకుని తిప్పేవాణ్నమ్మా. చిన్నప్పుడు వాడికి ఆ ఖడ్గమృగం అంటే ఎంత ఇష్టమో! ముట్టుకోబోతే చెప్పాను. వద్దు నాన్నా, పాషాణం పూశారు, వేలు నోట్లో పెట్టుకుంటే చచ్చిపోతావ్ అని." ఆయాసం తీర్చుకున్నాడు. "నేనే నేర్పాను. ఇల్లు వాడి పేర రాయనన్నందుకు... నాకే వడ్డించాడు."

"మాట్లాడకండి. అంబులెన్స్ పిలుస్తున్నాను."

"తొందరేం లేదు. నా గోళ్లు చూడు."

చెయ్యి చాచాడు. వణకడం లేదు. ప్రతి గోరు మీదా అడ్డంగా ఒక తెల్లటి గీత, గోటి చివరికి దగ్గర్లో.

"పాషాణం తింటే గోటి మొదట్లో ఇలాంటి గీత పడుతుంది. గోరు పెరిగేకొద్దీ ముందుకి జరుగుతుంది. ఇది పాతది. దీని వెనక ఇంకోటి ఉందా?"

లేదు.

గోరంతా శుభ్రంగా ఉంది!

ఆమెకి అర్థం కాలేదు. కొడుక్కీ అర్థం కాలేదు.

"మొదటివారంలోనే పాలల్లో వెంట్రుక తగిలిందమ్మా నా నాలిక్కి. గుర్తుపట్టాను. నేను మంచం దిగలేనని వాడనుకుంటాడు. రాత్రిళ్లు దిగుతాను. ఆ డబ్బాలో ఉన్నది గోధుమ పిండి. రెండోసారి తెచ్చినప్పుడూ మార్చేశాను."

"మరి... అసలు పొడి?"

పెద్దాయన నవ్వాడు. పెదవి మీద అదే నవ్వు. అచ్చు కొడుకు నవ్వు!

"వాడి గోళ్లు చూడు."

కొడుకు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె మణికట్టు పట్టి లైటు కిందికి ఈడ్చింది.

గీతలు! ఒకటి వెనక ఒకటి. గోటి మొదట్లో ఇంకా తాజాగా!

అప్పుడు చూసింది వాణ్ని సరిగ్గా. పీక్కుపోయిన బుగ్గలు. చొక్కా భుజాల మీంచి వేలాడుతోంది. రాలిపోయిన జుట్టు. మంచం మీదున్నవాడి కంటే వీడే రోగిలా ఉన్నాడు.

"అల్సర్..." అన్నాడు కొడుకు. "డాక్టర్ అల్సర్ అన్నాడు..."

"రోజూ నా పక్కనే కూర్చుని కాఫీ తాగుతాడమ్మా. నేనెప్పుడు పోతానా అని చూస్తూ. మధ్యలో ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్తాడు."

కొడుకు చూపు ఫ్లాస్కు మీదికి వెళ్లింది.

మూత తీసే ఉంది.

"నాన్నా!"

మీదికి దూకాడు. పది వేళ్లూ తండ్రి గొంతు చుట్టూ! ఆమె తుపాకీ మడమతో భుజం మీద కొట్టింది. వాడు నేల మీద పడి భళ్లున కక్కుకున్నాడు. ఫ్లాస్కు వాడి మీద పడింది. కాఫీ, కక్కు కలిసి మొహమంతా. ఆమె మోకాలు వాడి వీపు మీద పెట్టి బేడీలు బిగించింది.

వాడు ఏడుస్తున్నాడు. ఈసారి నిజంగానే.

"పోలీసులకి ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదా పెద్దాయనా?" అంది.

"ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోవాలమ్మా." దుప్పటి సర్దుకున్నాడు. "వీధికెక్కితే పరువేం కావాలి?"

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి తలుపు బార్లా తెరిచింది. ఎంత గాలి పీల్చినా చాలట్లేదు.

ఫోన్ తీసింది.

"కంట్రోల్ రూమ్. చెప్పండి మేడం."

"అంబులెన్స్ కావాలి. ఇద్దరు పేషెంట్లు. ఇద్దరూ ముద్దాయిలే."

"ఒకటి దగ్గర్లోనే ఉంది మేడం. పంపిస్తున్నాను."

వెనక్కి తిరిగి చూసింది.

మంచం మీదినుంచి తండ్రి, నేల మీదినుంచి కొడుకు. ఒకళ్లనొకళ్లు రెప్ప వెయ్యకుండా చూసుకుంటున్నారు.

"ఒకటి చాలదు. రెండు పంపండి," అంది. "ఒకే బండెక్కిస్తే... హాస్పిటల్ చేరేలోపు ఒకడే మిగుల్తాడు."