వెళ్లొస్తా అనవయ్యా!

ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట తిట్టే. రాసుకో అమ్మా, తిట్టు అనే రాయి.

"ఎవరా తెలివితక్కువ మనిషి?"

అప్పట్లో నేను నాటకాల హాల్లో తెర తాడు లాగేవాణ్ణి. స్టేజీ మీద రిహార్సల్ జరుగుతోంది. మొగుడి వేషం వేసినాయన చెప్పులేసుకుని, పెళ్ళాంతో "వెళ్తున్నా" అని గుమ్మం దాటాడు. నా నోరు ఊరుకోలేదు. తెర చాటునుంచి, "వెళ్లొస్తా అనవయ్యా!" అని అరిచాను. మా ఇంట్లో ఎవరైనా వెళ్తున్నా అంటే మా అమ్మ వీపు మోగించేది మరి.

ఆ పిల్ల కాగితాల కట్ట చంకలో పెట్టుకుని విసవిసా వచ్చింది.

"మీరేనా?"

"నేనేనండి. తాడు."

"తాడేమిటి?"

"తాడు లాగేవాణ్ణండి. తమరు?"

"ఈ నాటకానికి అనువాదకురాలిని."

నాకు నోరు తిరగలేదు. "అనువాదం గారా! దండాలండి," అన్నాను.

పెదవులు బిగబట్టింది గానీ కళ్ళు నవ్వేశాయి. నేను పడిపోయింది అక్కడే.

"చూడండి తాడుగారూ, ఇది పరాయి దేశం నాటకం. పొద్దున్నే ఆఫీసులకెళ్లే బస్సులో ఎవరో బాంబు పెడతారు. పెట్టినవాళ్ళు మనకి కనపడరు. పోయినవాళ్ళ ఇళ్ళే కనపడతాయి. ఈ మొగుడు ఎక్కేది ఆ బస్సే. అసలు నాటకంలో టిఫిన్ డబ్బాకి మూత దొరకలేదని పెళ్ళాంతో గొడవపడి, మాటా పలుకూ లేకుండా తలుపు ధడేలుమని వేసి పోతాడు. దానికి బదులు మన భాషలో సరైన మాట నేనే వెతికి పెట్టాను, వెళ్తున్నా అని. 'వెళ్లొస్తా అనలేదే' అని ఆవిడ రెండో అంకమంతా కుమిలిపోతుంది. నాటకం నిలబడింది ఆ ఒక్క మాట మీదే. అర్థమైందా?"

అర్థమైంది. మనసే ఒప్పలేదు. మా అమ్మ వీపు మోగించే సంగతి ఆ పిల్లకీ చెప్పి చూశాను.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. నాటకం సామాన్లోంచి గొడుగు తీసి గొప్పగా పట్టాను. అది ఎర్ర కాగితం గొడుగు. వీధి మలుపు తిరిగేలోపు రంగంతా కారి ఆ పిల్ల చీర మీదికి వచ్చింది.

"మీ వల్ల మంచి ఒక్కటైనా జరుగుతుందా తాడుగారూ?"

"జరుగుతుందండి. కాస్త టైమ్ ఇవ్వండి."

పకపకా నవ్వింది. తర్వాత మెల్లగా, "ఇది నా మొదటి నాటకం. పడిపోయిందంటే మా పిన్నిగారి ఊళ్ళో టైపు ఉద్యోగానికి పోవాలి. అక్కడికెళ్తే ఇక రావడముండదు," అంది.

"ఎందుకు పడుతుందండీ?"

"మీరు నోరు కట్టేసుకుంటే పడదు."

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. నేను తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని తాడు దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల నా పక్కనే, చేతిలో కాగితాలతో.

"వెళ్తున్నా," అన్నాడు మొగుడు.

ఈ పిల్ల కూడా రేపు ఇలాగే అని పోతుందేమో అనిపించింది. అంతే. తుండుగుడ్డ ఎటు పోయిందో తెలీదు.

"వెళ్లొస్తా అను!"

హాలంతా వినపడింది. మొగుడు బిత్తరపోయి వెనక్కి తిరిగి, బుద్ధిగా "వెళ్లొస్తా" అనేసి వెళ్ళిపోయాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను గబగబా తెర దించేశాను.

"కొంప ముంచారు! అనేశాడుగా, ఇక ఆవిడ దేనికి ఏడవాలి?" అంది ఆ పిల్ల.

నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను. ఆ పిల్ల మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. పెన్సిలు తీసి బరబరా నాలుగు మాటలు కొట్టేసింది, నాలుగు రాసింది. పరిగెత్తుకెళ్ళి పెళ్ళాం వేషం ఆవిడ చెవిలో ఊదింది.

తెర లేచింది. ఆవిడ డబ్బా మూత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆఖర్న ఇరుగుపొరుగు వచ్చి తలుపు వెయ్యబోయారు.

"గడియ పెట్టకండి. వెళ్లొస్తా అన్నాడు. మాట తప్పే మనిషి కాదు," అంది ఆవిడ.

హాల్లో దగ్గు కూడా వినపడలేదు. నాకు కళ్ళు మసకబారి తాడే కనపడలేదు. ఆ పిల్లే నా చేతుల మీద చేతులేసి లాగింది. తెర నేల తాకింది. చేతులు మాత్రం కాసేపు అక్కడే ఉన్నాయి.

నాటకం పడిపోలేదు, నిలబడింది. మా కంపెనీ పెద్దాయన అన్ని ఊళ్ళూ తిప్పుదామన్నాడు. జనం వెళ్ళాక ఆ పిల్ల కాగితాలు సర్దుకుని చెప్పులేసుకుంది. నా వైపు చూసింది.

"వెళ్తున్నా."

నేను నేల చూపులు చూశాను.

"ఏం తాడుగారూ, ఇవాళ నోరు పెగలదేం?"

"వెళ్లొస్తా అనండి."

"ఎక్కడికి రావాలట? హాలు రేపటినుంచి వేరేవాళ్ళది."

"మా ఇంటికండి. మా అమ్మకి చూపిస్తాను."

"మీ అమ్మ వీపు మోగిస్తుందటగా?"

"వెళ్తున్నా అంటేనే అండి. వచ్చానంటే పీట వేస్తుంది."

ముఖం పక్కకి తిప్పుకుంది. చెవులు ఆ గొడుగు రంగుకి తిరిగాయి.

"అయితే వెళ్లొస్తా," అంది.

వచ్చింది. మా అమ్మ పీట వేసింది, "వీడి నోరు నువ్వే కట్టెయ్యాలమ్మా," అని దీవించింది కూడా.

అదిగో, మీ నాయనమ్మ సంచీ పట్టుకుని చెప్పులేసుకుంటోంది. కావాలనే నాకేసి చూసి "వెళ్తున్నా" అంటోంది, విన్నావా? రాయడం కాస్త ఆపమ్మా. నేను అరవాలి.