ఊపిరి తూకం

ఆండర్సన్‌పేట చివర, బంగారు గనులు మూసేశాక ఏళ్ళ తరబడి ఖాళీగా పడివున్న పెంకుటింట్లో ఈమధ్యే చిన్న మందుల పరిశోధనశాల పెట్టారు. ఒకప్పుడు గని కూలీలు రొమ్ము ఎక్స్‌రే కోసం వరసగా నిలబడిన చోటది. ఆదివారం మధ్యాహ్నం, ఊరంతా బిరియాని తిని కునుకు తీసే వేళ, అక్కడి కెమిస్టు నాన్సీ దొంగలా తాళం తీసి లోపలికి వచ్చింది.

దొంగలా ఏమిటి, దొంగతనానికే వచ్చింది. రాతిదుమ్ము పట్టి బిగుసుకుపోయిన ఊపిరితిత్తుల కోసం ఆమె రెండేళ్ళుగా ఒక పొడి తయారుచేస్తోంది. అది ఎలుకల మీద పని చేసింది. మనుషులకు ఇవ్వాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది. గనిలో పనిచేసి అదే జబ్బు తెచ్చుకున్న ఆమె నాన్న జేవియర్‌కు వారం కూడా గడువు లేదు. అమ్మ ఎప్పుడో పోయింది. ఈయన కూడా పోతే నాన్సీని పేరు పెట్టి పిలిచే మనిషి ఆ ఇంట్లో ఉండడు. ఆ తలపుకే ఆమెకు ఏడుపొస్తుంది. సీసాలో మిగిలింది ఒక్క మనిషికి సరిపోయేంత పొడి.

అక్కడి త్రాసు మహా గడుసుది. అద్దాల తలుపు తీసి ఉంటే, మనిషి ఊపిరి తగిలినా అంకెలు కదులుతాయి. అందుకే నాన్సీ పొడి వేసి ఊపిరి బిగబట్టింది.

అంకెలు ఆగలేదు.

పెరిగాయి. తగ్గాయి. కాసేపు ఆగి... మళ్ళీ పెరిగాయి.

ఫ్యాను తిరగడం లేదు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. స్పిరిటు వాసనలోంచి తడి రాతి వాసన, గనిలో పేల్చే మందుగుండు వాసన మెల్లగా పైకి వచ్చాయి. అంకెలు ఎక్కిదిగే ఆ తీరు ఆమెకు బాగా తెలుసు. నాన్న మంచం పక్కన రోజూ వినే ఆయాసమే అది.

గబుక్కున త్రాసు అద్దం తలుపు మూసింది. దాని మీద ఆవిరి మచ్చ పట్టింది. పక్కనే ఇంకొకటి... ఇంకొకటి... తను ఇంకా ఊపిరి వదలనే లేదు.

"అమ్మా..." చెవి దగ్గర గుసగుస. "నాకూ రవంత ఉండాదా?"

పొడి పొట్లం కట్టుకుని పరుగెత్తింది. వీధి పొడుగునా ఎప్పుడో వలసపోయినవాళ్ళ తాళాలు పడిన ఇళ్ళే. కేకేసినా పలికేవాళ్ళు లేరు.

ఇల్లు చేరి గడియ పెట్టింది. జేవియర్ నులకమంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. పొడి నీళ్ళలో కలిపి గ్లాసు అందించింది.

ఆయన తాగలేదు. ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు.

"ఎవరమ్మా వీళ్ళంతా? కూర్చోమను. పాపం, ఆయాసపడతా ఉండారు."

"ఎవరూ లేరప్పా... తాగు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నాకంటే ముందొచ్చి వరసలో నిలబడినోళ్ళమ్మా." గ్లాసు గాలిలోకి చాపాడు. "ఇదో, తీసుకో అన్నా."

నాన్సీ లాక్కోబోయింది. అప్పటికే గ్లాసు వంగింది. గుటకల చప్పుడు... నేల మీద ఒక్క చుక్క పడలేదు.

జేవియర్ తల పక్కకు వాలింది. రొమ్ము కదలడం ఆగిపోయింది.

కానీ గదిలో ఎవరో హాయిగా, తేలిగ్గా ఊపిరి తీస్తూనే ఉన్నారు. మంచం అవతలి కొసన నులక మెల్లగా కిందికి కుంగింది.